పెద్దాయన నాలుక

“నీళ్లు ఎక్కడివి తాగుతున్నారు?” అని డాక్టరు అడగ్గానే ఇంట్లో అందరికీ నవ్వొచ్చింది.

నవ్వే సమయం కాదు. పొద్దున్నించి వాంతులతో, విరేచనాలతో పెద్దాయన మంచానికి అతుక్కుపోయాడు. కళ్లు లోపలికి పోయాయి, పెదాలు ఎండిపోయాయి, గదంతా ఫినాయిల్ వాసన. అయినా నవ్వొచ్చింది. చుట్టుపక్కల కాలనీలన్నిటికీ ట్యాంకర్లతో నీళ్లు పోసే ఇంటికొచ్చి నీళ్లెక్కడివని అడిగితే ఎవరికి మాత్రం నవ్వు రాదు?

“మా నీళ్లేనండీ, సొంత బావి,” అంది పెద్దావిడ, భర్త నుదురు తుడుస్తూనే. “ఇక్కడ రోడ్డు కూడా లేని రోజుల్లో ఈయన తవ్వించారు. ఎంత ఎండల్లోనూ అడుగు కనపడలేదు.”

డాక్టరుకి బావి చరిత్ర అక్కర్లేదు. “అయినా సరే, కాచి చల్లార్చి ఇవ్వండి. ఇది నీళ్ల వల్ల వచ్చిన జబ్బులాగే ఉంది. సాయంత్రానికి తగ్గుముఖం పట్టకపోతే ఆస్పత్రిలో చేర్పించాలి. ఈ వయసులో ఆలస్యం చేస్తే మన చేతుల్లో ఉండదు,” అని మందులు రాసిచ్చి లేచాడు.

పెద్దకొడుకు ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకి పరుగెత్తాడు. మధ్యాహ్నం అతనికి మరో పని ఉంది. కొత్త అపార్ట్‌మెంట్ టవర్ల సంఘం వాళ్లతో ఏడాది పొడుగునా నీళ్లు పోసే ఒప్పందం ఇవాళే. రెండు పనులూ ఒకే రోజు నెత్తిన పడ్డందుకు తండ్రి మీద విసుక్కోలేక మోటార్‌సైకిల్ మీద విసుక్కుంటూ వెళ్లాడు.

కోడలు మాత్రం మరిది ముఖమే చూసింది. అందరూ నవ్వినప్పుడు అతనొక్కడే నవ్వలేదు. గుమ్మం దగ్గర నేలచూపులు చూస్తూ నిలబడి, డాక్టరు ఇంకో ప్రశ్న అడిగేలోపే చల్లగా పెరట్లోకి జారుకున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. మామగారికి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లివ్వాలి. గిన్నె తీసుకుని, అలవాటుగా క్యాన్ కిందికి వంగింది.

వంగిన మనిషి అలాగే ఆగిపోయింది.

నీలం రంగు ప్లాస్టిక్ క్యాన్. కొన్నాళ్ల కిందట మరిది భుజం మీద మోసుకొచ్చి పెట్టాడు. “కొత్త కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చారు వదినా, వాడి చూడండి,” అన్నాడు. నీళ్లమ్ముకునే ఇంటికి నీళ్లు అంటగట్టిన మొనగాడు ఎవడని ఆమే పగలబడి నవ్వింది. ఆ క్యాన్ అయిపోయాక ఇంకోటి వచ్చింది. తర్వాత ఇంకోటి. అలవాటైపోయింది. తాగడానికి క్యాన్, గిన్నెలు తోమడానికి కుళాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. సుఖంగా ఉన్నదాన్ని ఎవరు అడుగుతారు?

ఇంట్లో అందరూ ఇన్నాళ్లుగా తాగుతున్నది ఆ క్యాన్ నీళ్లే. ఒక్క మనిషి తప్ప.

ఆ ఒక్క మనిషి సంగతి కాలనీలన్నిటికీ తెలుసు. ట్యాంకర్ నిండాక, గేటు దాటే ముందు, పెద్దాయన దాని వెనకాల ఉన్న పంపు తిప్పి ఒక గ్లాసు పట్టుకుంటాడు. అందరూ చూస్తుండగా గుటగుటా తాగుతాడు. మూతి తుడుచుకుని చెయ్యి ఊపితేనే బండి కదులుతుంది. మొదటి బండి కొన్న నాటి నుంచీ అంతే. జ్వరం వచ్చినా అంతే, చలిగా ఉన్నా అంతే. ఈ ఇంటి వ్యాపారానికి బోర్డు లేదు, ప్రకటన లేదు. ఫోనులో బుకింగులు తీసుకునే కోడలు ప్రతి కొత్తవాళ్లకీ చెప్పే మాట ఒకటే. “మా మామయ్య తాగాకే బండి బయల్దేరుతుందండీ.” ఆ మాట విన్నాక ఇంకెవరూ ప్రశ్నలు వెయ్యరు.

గిన్నె గట్టు మీద పెట్టి ఆమె పెరట్లోకి నడిచింది.

మరిది ట్యాంకర్ అద్దం తుడుస్తున్నాడు. అద్దం అప్పటికే మెరుస్తోంది. గోడకి అవతల బిల్డరు తవ్విస్తున్న గోతిలో యంత్రాలు రొద పెడుతున్నాయి. పెద్దాయన అమ్మిన పొలమే అది. ఆ పక్కన పశువులు మేపుకున్న ముసలాయన ఇప్పుడు తన పొలంలోనే లేచిన టవర్ల ముందు యూనిఫాం వేసుకుని, వచ్చిపోయే కార్లకి సలాం కొడుతున్నాడు. టీ కొట్టు ప్లాట్ల ఆఫీసైంది. సైకిల్ షాపువాడు నాలుగు కార్లకి ఓనరయ్యాడు. అందరికీ అన్నీ వచ్చాయి గానీ నగరం నుంచి రావాల్సిన నీటి పైపు మాత్రం ప్రతి ఏడూ వచ్చే ఏడాదికి వాయిదా పడుతోంది. ఈ ఇంటి అదృష్టమంతా ఆ వాయిదాల్లోనే ఉంది.

“డాక్టరు అడిగినప్పుడు నువ్వెందుకు నవ్వలేదు?” అంది.

“నాన్న అలా పడుంటే నవ్వమంటావా వదినా?”

“మీ అమ్మ కూడా నవ్వింది.”

గుడ్డ పిండాడు. మళ్లీ అద్దం మీద వేశాడు.

“ఆ క్యాన్లు ఏ కంపెనీవి?”

“చెప్పాను కదా, కొత్త...”

“పేరు చెప్పు.”

మరిది నీళ్లు నమిలాడు. ఆమె కాపురానికొచ్చే నాటికి అతను బడికెళ్లే పిల్లాడు. చొక్కా గుండీ ఊడితే తల్లి దగ్గరికి కాకుండా ఆమె దగ్గరికే వచ్చేవాడు. అబద్ధం చెప్పేటప్పుడు కుడిచెవి లాక్కుంటాడని ఆమెకి తెలుసు. ఇప్పుడు కుడిచెవి ఎర్రగా కందిపోయి ఉంది.

“బావిలో నీళ్లు లేవు వదినా,” అన్నాడు చివరికి.

ఆమె నమ్మలేదు. నేరుగా బావి దగ్గరికి వెళ్లి ఇనుప జాలీ మీద రెండు చేతులూ ఆనించి వంగి చూసింది. ఎప్పుడు చూసినా తన ముఖం కనిపించేది అందులో. ఇప్పుడు రాళ్లు కనిపించాయి. వాటి కింద, ఇన్నేళ్లలో ఏనాడూ చూడని రాళ్లు. మరీ లోపల, మోటారు గొట్టం చుట్టూ నల్లటి తడి. అంతే.

“ఎప్పటి నుంచి?”

“ఆ గొయ్యి మన బావి కన్నా కిందికి దిగినప్పటి నుంచి. మూడంతస్తుల సెల్లారు తవ్వుతున్నారు. ఊట తగిలితే పని ఆగుతుందని రాత్రీ పగలూ మోటార్లు పెట్టి బయటికి తోడేస్తున్నారు. నేను మన మోటారు దించాను. ఇంకా దించాను. బురదొచ్చింది.”

“మరి ట్యాంకర్లు ఎలా నిండుతున్నాయి?”

అతను గోడ వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. గోడ కింద రెండు ఇటుకలు ఊడదీసిన చోట, పాత గోనెపట్టా కప్పి, ఒక నల్లటి పైపు. అటు నుంచి ఇటు.

“ఆ గోతిలోంచా?”

“అవి మన నీళ్లే వదినా!” అతని గొంతు ఒక్కసారి పైకి లేచింది. ఎన్నాళ్లుగానో లోపల తనతో తానే వాదించుకుని గెలిచిన మనిషిలా మాట్లాడాడు. “మన బావిలోవే అటు పోయాయి. వాళ్లు రోడ్డు మీదికి వదిలేస్తుంటే నేను వెనక్కి తెచ్చుకున్నాను. సైట్ మేస్త్రీ కూడా పట్టుకుపొమ్మన్నాడు. చూడు ఎంత తేటగా ఉన్నాయో.”

“ఆ గోతి ఒడ్డునే కదరా కూలీల షెడ్లున్నాయి?”

ఎప్పుడూ ‘రా’ అనని వదిన. అతను ఉలిక్కిపడ్డాడు.

“ఉన్నాయి.”

“అంతమంది మనుషులు అవసరానికి ఎక్కడికి వెళ్తున్నారు?”

ఆ ప్రశ్న అతనికి కొత్తది కాదని ముఖమే చెబుతోంది.

“క్లోరిన్ బిళ్లలు వేశాను,” అన్నాడు గొణుగుతున్నట్టు.

“సరిపడా వేశావా?”

“వేస్తే వాసనొస్తుంది వదినా. నాన్న ఒక్క గుక్కలో పసిగట్టేస్తాడు. అందుకని... కొంచెం తగ్గించాను. అడుగున ఊరిన నాలుగు చుక్కల బావి నీళ్లు కూడా కలిపాను, రుచి తేడా తెలియకుండా.”

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. జనాలకి నమ్మకం కలగాలని ముసలాయన తాగుతున్న గ్లాసు, ఆ గ్లాసుకి దొరక్కూడదని వీడు తగ్గించిన మందు. ఏ పరీక్షా పెట్టని ఇంట్లోనైతే నాలుగు బిళ్లలు ఎక్కువే వేసేవాడు. తాగినవాళ్లు కాస్త మూతి ముడుచుకునేవాళ్లేమో గానీ మంచాన పడేవాళ్లు కాదు.

“ఆయన తాగుతుంటే ఎలా చూస్తూ ఊరుకున్నావు?”

“ఒక రోజు గ్లాసు లాక్కోబోయాను. ‘ఏంట్రా, మన నీళ్ల మీద నీకే అనుమానమా?’ అని నవ్వాడు. డ్రైవర్లున్నారు, వాచ్‌మన్లున్నారు. ఏం చెప్పను వదినా? మిమ్మల్నందర్నీ క్యాన్‌కి మార్చగలిగాను. నాన్నని మార్చలేకపోయాను.”

చెప్పి, ట్యాంకర్ మెట్టు మీద కూలబడ్డాడు. వాడి మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

అప్పుడే పెద్దకొడుకు మందులతో తిరిగొచ్చాడు. వీళ్లిద్దరూ నిలబడ్డ తీరు చూసి బండి స్టాండు కూడా సరిగా వెయ్యకుండా దిగాడు.

“ఏమైంది? నాన్నకేమైనా...?”

“మీ తమ్ముణ్ణి అడగండి,” అంది భార్య.

తమ్ముడికి రెండో సారి చెప్పడం తేలికైంది. మొదటి సారి కన్నా తక్కువ మాటల్లో అయిపోయింది. అన్న వింటూ వింటూ మందుల సంచి చేతులు మార్చుకున్నాడు.

“నాతో ఒక్క మాట అనొద్దూ?”

“అనలేదా? గొయ్యి తవ్వడం మొదలెట్టిన రోజే అన్నాను. ‘బావి ఎండుతుందేమో అన్నయ్యా’ అని. ‘నువ్వు స్టీరింగ్ చూసుకో, మిగతావి నేను చూసుకుంటా’ అన్నావు.”

“అది వేరు...”

“ఏం వేరు? ఆ నేల అమ్మొద్దు అమ్మొద్దని నెత్తీ నోరూ బాదుకున్నాను. విన్నావా?”

“అమ్మకపోతే ఈ రెండో ట్యాంకర్ ఎక్కణ్ణించి వచ్చేది? ఈ స్లాబు ఎక్కణ్ణించి వచ్చేది? రేకుల కింద ఉడికిపోతున్నామని అందరికన్నా ఎక్కువ గోల పెట్టింది నువ్వే!”

“స్లాబు వేశావు. కింద నీళ్లమ్మేశావు.”

అన్న చెయ్యి లేచింది. కోడలు మధ్యకి వచ్చింది. “పోట్లాట తర్వాత పెట్టుకోండి. ముందు అందరికీ చెప్పాలి. ఆ నీళ్లు ఎవరూ తాగొద్దని చెప్పాలి.”

ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు. అంతవరకు కొట్టుకోబోయిన అన్నదమ్ములు ఆ ఒక్క మాటతో ఒక పక్షమైపోయారు.

“చెప్పడమా?” అన్నాడు భర్త, గొంతు తగ్గించి. “నీకేమైనా మతిపోయిందా? పైపు ఇప్పుడే పీకేస్తాం. ట్యాంకర్లు కడిగించేస్తాం. మోటారు కాలిందని నాలుగు రోజులు బుకింగులు తీసుకోకు. ఈలోపు పై ఊరి బావుల వాళ్లతో మాట్లాడి నీళ్లు తెప్పిస్తాను. అంతటితో అయిపోతుంది.”

“ఇప్పటికే పోసినవి?”

“అవి ఈపాటికి అయిపోయుంటాయి.”

“తాగితేనే కదండీ అయిపోయేది.”

అతను ఆ మాట విననట్టే ఊరుకున్నాడు. ఇలాంటప్పుడు వినపడకపోవడంలో అతనికి మంచి ప్రావీణ్యం ఉంది. “ఎవరికీ ఏమీ కాలేదు. అయ్యుంటే ఈపాటికి ఫోన్లు వచ్చేవి. నాన్నకైతే వయసు మీద పడింది, పైగా రోజుకి అన్ని గ్లాసులు...”

“ప్లేస్కూల్‌కి రోజూ వెళ్తోంది బండి. పాలు వదలని పిల్లలు.”

“అక్కడ ఫిల్టర్ ఉంటుంది.”

“మీరు చూశారా?”

“అంత ఫీజులు తీసుకుంటున్నారు, ఉండకుండా ఉంటుందా?”

పెద్దావిడ ఎప్పుడొచ్చిందో తెలియదు. గుమ్మంలో తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. ఎంత విన్నదో, ఎంత అర్థమైందో గానీ ముఖం పాలిపోయింది. నేరుగా కోడలి దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“నా బిడ్డని పట్టివ్వకమ్మా.”

“అత్తయ్యా, నేను పట్టివ్వడమేంటి...”

“చెప్తే వాణ్ణి తీసుకెళ్తారు. లోపలేస్తారు. వాడికింకా పెళ్లి కూడా కాలేదు. వాడేం తిన్నాడు ఇందులో? సంసారం ఆగిపోకూడదని చేశాడు. మీ మామయ్యకి తగ్గిపోతుంది. పిల్లలకేం కాదు. నీకు దండం పెడతాను, నువ్వు నోరు విప్పకు.”

ఇన్నేళ్ల కాపురంలో అత్తగారు ఆమెని మందలించింది, మెచ్చుకుంది, అలిగింది. ఏనాడూ బతిమాలలేదు. తడిగుడ్డ నీళ్లు మోచేతుల దాకా కారుతుంటే కోడలు చేతులు విడిపించుకోలేక అలాగే నిలబడింది.

“చిన్నోడా,” అని లోపల్నించి పిలుపు వచ్చింది.

అందరూ కిటికీ వైపు తిరిగారు. పెరట్లోకి తెరిచిన కిటికీ పక్కనే పెద్దాయన మంచం. ఆ సంగతి నలుగురికీ తెలుసు. నలుగురూ మర్చిపోయారు.

చిన్నకొడుకు లోపలికి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మిగతా వాళ్లు గుమ్మం దగ్గరే ఆగారు.

“గోతి నీళ్లా?” అన్నాడు పెద్దాయన. మాట బలహీనంగా ఉంది గానీ స్పష్టంగా ఉంది.

“అవును నాన్నా.”

“నేను చెప్పాను గుర్తుందా, నీళ్లలో ఏదో మట్టి తగులుతోందని? మన బావికి ఆ రుచి లేదని?”

కొడుకు తలొంచుకున్నాడు.

ఆ రోజు కోడలికి బాగా గుర్తుంది. మామగారు చిన్నపిల్లాడిలా ముఖం చిన్నబుచ్చుకుని వంటింట్లోకి వచ్చాడు. “అమ్మాయ్, నా నాలుక పోయింది,” అన్నాడు. నాలుగు బావుల నీళ్లు కలిపిచ్చినా ఏది ఏదో చెప్పగలిగిన మనిషి. ఇక తను ఎందుకూ పనికిరానన్నాడు. కూరలో ఉప్పు కూడా ఆమెనే చూసి చెప్పమనేవాడు. పక్కనే ఉన్న మరిది, “వయసొస్తే అంతే నాన్నా, ఎవరికైనా తగ్గుతుంది,” అన్నాడు. ముసలాయన తలూపాడు. ఆ తర్వాత భోజనం ముందు కూర్చుని కంచం వైపు అనుమానంగా చూస్తుండటం ఆమె ఎన్నోసార్లు గమనించింది. గోతి నీళ్లు పోసినందుకైనా ఎప్పటికో క్షమించగలదేమో గానీ ఆ మాటకి మరిదిని క్షమించలేననిపించింది.

“అయితే నా నాలుక బాగానే ఉందన్న మాట,” అన్నాడు పెద్దాయన.

ఎండిన పెదాల మీద నవ్వు వచ్చింది. నిజమైన నవ్వు. పోయిందనుకున్న వస్తువు జేబులోనే దొరికినవాడిలా నవ్వాడు. ఆ స్థితిలో, ఆ మాట విని అలా సంతోషపడగలిగిన మనిషిని చూసి చిన్నకొడుకు ఒక్కసారిగా బావురుమన్నాడు.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పెద్దాయన కళ్లు కోడలిని వెతికాయి.

“పిల్లల బడికి కూడా వెళ్లిందా?”

“వెళ్లింది మామయ్యా. నిన్న కూడా.”

“ఫోన్ చెయ్యమ్మా.”

“నాన్నా, మీరు పడుకోండి, నేను చూసుకుంటాను,” అన్నాడు పెద్దకొడుకు.

“నువ్వు చూసుకున్నవి చాలు,” అన్నాడు తండ్రి, కొడుకు వైపు తిరగకుండానే. “నా పేరు చెప్పి మాటిచ్చింది నువ్వు కదమ్మా. నువ్వే చెయ్యి.” అంతవరకే ఓపిక ఉంది. పెద్దావిడ బకెట్టు అందించింది.

కోడలు ఫోన్ తీసింది. ప్లేస్కూల్ నంబరు వెతికే అవసరం లేదు, ఎప్పుడూ పైనే ఉంటుంది. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. భర్త చప్పున వచ్చి ఫోన్ మీద చెయ్యి వెయ్యబోయాడు. మామగారు చూస్తున్నాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“నమస్తే మేడమ్, నీళ్ల ట్యాంకర్ వాళ్లింటి నుంచి...”

“ఆ, మీరా! మంచి పని చేశారు, నేనే చేద్దామనుకుంటున్నాను.” ప్లేస్కూల్ మేడమ్ గొంతు హడావుడిగా ఉంది. వెనకాల పిల్లల చప్పుడు లేదు. “ఇవాళ బండి పంపకండి. స్కూల్ మూసేశాం.”

“ఏమైంది మేడమ్?”

“ఏం చెప్పమంటారు, నిన్న సాయంత్రం నుంచి ఒకరి తర్వాత ఒకరు పిల్లలకి వాంతులు. సగం మంది రాలేదు. ఇద్దర్ని ఆస్పత్రిలో పెట్టారు. ఒక పాపకి ఇంకా సెలైన్ ఎక్కిస్తున్నారు. పేరెంట్స్ వచ్చి మా మీద పడ్డారు.”

పెద్దావిడ బకెట్టు కింద పెట్టింది.

“అదృష్టం కొద్దీ ఎవరి వల్లో తెలిసిపోయింది లెండి,” అంది మేడమ్.

కోడలు ఫోన్ మీదికి వంగింది. “ఎవరి వల్ల?”

“మా వంటావిడ. అన్నీ శుభ్రంగా చేస్తానని ఒట్లు పెట్టుకునేది. ఈవిడ చేతులు కడుక్కోదని ఎప్పట్నించో నాకు అనుమానమే. పొద్దున్నే పంపించేశాం. పేరెంట్స్ ఊరుకోలేదు, పోలీసుల్ని కూడా పిలిచారు. ఆవిడ ఒకటే ఏడుపు, కాళ్లు పట్టుకుంది. ఏం చేస్తాం, పసిపిల్లలతో ఆటలాడితే ఎలా? ఇప్పుడే స్టేషన్‌కి తీసుకెళ్లారు.”

పెద్దకొడుకు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. పొద్దున్నించి బిగుసుకుపోయిన అతని భుజాలు కిందికి దిగాయి. పెద్దావిడ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. ఇక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అంతా దానంతటదే సర్దుకుపోయింది.

కోడలికి కూడా ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. హమ్మయ్య అనిపించింది. ఎవరో తెలియని ఆడమనిషి ఎక్కడో బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే తను హమ్మయ్య అనుకుంది. ఆ సంగతి ఈ గదిలో ఎవరికీ తెలియదు. తనకి తెలుసు.

“హలో? ఉన్నారా లైన్లో?”

“ఉన్నాను మేడమ్.” భర్త తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, వద్దు అని పెదాలతోనే అంటున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. “ఆ వంటావిడని... ఆవిడని వదిలేయమని చెప్పండి మేడమ్.”

“అదేంటి? మీకు తెలుసా ఆవిడ?”

“తెలియదు.”

“మరి?”

వంద మందికి తడుముకోకుండా చెప్పిన గొంతు, ఇప్పుడు ఒక్క వాక్యం కోసం తడుముకుంది. అప్పుడు మరిది నేల మీంచి లేచాడు. ముఖం మోచేత్తో తుడుచుకుని, బల్ల దగ్గరికొచ్చి ఫోన్ అందుకున్నాడు.

“నేను చెప్తాను వదినా. చెప్పాల్సింది నేనే.”

ఆమె వదిలేసింది. వదిలేసినందుకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. అతను స్పీకర్ ఆపి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, “ఒక్క నిమిషం మేడమ్,” అంటూ పెరట్లోకి నడిచాడు. నాన్న వినకూడదనుకున్నాడేమోనని అందరూ అనుకున్నారు.

పెద్దాయన కళ్లు మూసుకుని పెరటి వైపు చెవి పెట్టాడు. బయట ఏం మాట్లాడుతున్నాడో వినబడలేదు. మాట్లాడుతున్నట్టు కూడా వినబడలేదు.

ఇంతలో ట్యాంకర్ స్టార్టయింది.

“ఎక్కడికి వెళ్తున్నాడు వీడు?” అంటూ పెద్దకొడుకు దూకాడు. కోడలు అతని వెనకే పరుగెత్తింది. వాళ్లు పెరట్లోకి వచ్చేసరికి ట్యాంకర్ గేటు దాటి దుమ్ము రేపుకుంటూ పోతోంది. ఖాళీ ట్యాంకు గతుకుల మీద దబదబా మోగుతోంది.

రోడ్డు చివర ఎడమకి తిరిగితే ప్లేస్కూల్, పోలీస్ స్టేషన్. కుడికి తిరిగితే కొత్త హైవే, దాని మీద ఎంత దూరమైనా పోవచ్చు. ఒకప్పుడు గేటు దగ్గర నిలబడితే ఆ మలుపు స్పష్టంగా కనిపించేది. ఇప్పుడు బిల్డరు ఎత్తించిన రేకుల గోడ అడ్డం. దాని మీద ఈత కొలను పక్కన నవ్వుతున్న కుటుంబం బొమ్మ. ఆమె మునివేళ్ల మీద లేచి చూసింది. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. గేర్ మార్చిన శబ్దం మాత్రం వినబడింది.

“మీ ఫోన్ ఇవ్వండి,” అంది భర్తతో.

“ఏ నంబరుకి చేస్తావు? అన్ని నంబర్లూ నీ ఫోన్లోనే ఉన్నాయి. అది వాడి దగ్గరుంది.” కోపంగా అనలేదు. ఒకలాంటి తృప్తితో అన్నాడు. “లోపలికి పద. వాడు వచ్చాక చూద్దాం. వాడు చెప్తే చెప్పాడు, లేకపోతే లేదు. మన చేతుల్లో లేదిక. నేను టవర్ల వాళ్ల దగ్గరికి వెళ్లొస్తాను.”

“ఇవాళ కూడా వెళ్తారా?”

“ఇవాళ వెళ్లకపోతే రేపు వేరేవాడు వెళ్తాడు.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. చెడ్డవాడు కాదు. తండ్రి కోసం పొద్దున్నించి మూడు సార్లు పరుగెత్తిన మనిషి. భయం వేస్తే ఇలా ఉంటాడని మాత్రం ఇన్నేళ్లూ తెలియలేదు.

గేటు దాటి రోడ్డెక్కింది.

“ఎక్కడికి?”

“స్టేషన్‌కి.”

“నీకేం తెలుసని చెప్తావు అక్కడ?”

“మా మామయ్య తాగాకే బండి బయల్దేరుతుందని అందరికీ చెప్పింది నేను. ఆ సంగతి చెప్తాను.”

“వాడు హైవే ఎక్కుంటే? నువ్వు వెళ్లి చెప్తే వాణ్ణి నువ్వే పట్టిచ్చినట్టవుతుంది. అమ్మకి ఏం జవాబు చెప్తావు?”

వాడు ఎడమకే తిరిగుంటాడని నమ్మాలని ఉంది. నమ్మి ఇంట్లో కూర్చోవాలని కూడా ఉంది. కూర్చుంటే మాత్రం ఆ వంటావిడ సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

లారీలు దుమ్ము కొడుతూ పక్క నుంచి పోతున్నాయి. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కగా నడక మొదలుపెట్టింది. భర్త పిలుస్తాడేమోనని నాలుగడుగులు నెమ్మదిగానే వేసింది.

పిలవలేదు. వెనకాల గేటు మూసిన చప్పుడు, ఆ తర్వాత లోపల్నించి గొళ్లెం పెట్టిన చప్పుడు వినబడ్డాయి.